మంట లేకపోయినా పుండు పడుతుంది: పెద్ద వయసులో నొప్పి మాత్రల సంగతి

మెడికల్ షాపు ముందు నిలబడి 'ఒళ్లు నొప్పులకు ఒక సెట్టు ఇవ్వండి' అంటే చాలు. ఏ నొప్పి, ఎన్నాళ్ల నుంచి, ఇంకేం మందులు వాడుతున్నారు అని అడగకుండానే మూడు నాలుగు రకాల బిళ్లలు కత్తిరించి కాగితం కవర్లో పడేసే షాపులు తెలుగు ఊళ్లలో కొల్లలు. అందులో ఒకటి నొప్పి మాత్ర, ఒకటి గ్యాస్ బిళ్ల, ఒకటి బలానికని బి-కాంప్లెక్స్. ఇంకొకటి ఉంటే అదేమిటో కొన్నవారికి చాలాసార్లు తెలియదు. స్ట్రిప్పును ముక్కలు చేయడంతో మందు పేరు ఒక ముక్క మీద, తయారీ తేదీ ఇంకో ముక్క మీద, డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని చెప్పే ఎర్ర గీత మరెక్కడో ఉండిపోతాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి షెడ్యూల్ హెచ్ మందులు. చీటీ లేకుండా అమ్మకూడదన్నది చట్టం. ఆ చట్టం ఎంతవరకు అమలవుతోందో కౌంటరు దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది.

ఈ సెట్లు కొనేవారిలో అరవై దాటినవారు చాలామంది. నాట్లు, కలుపు తీతలు, పత్తి ఏరడం అంటూ దశాబ్దాల పాటు నడుము వంచి చేసిన పనికి మోకాళ్లు, వెన్నుపూసలు అరిగిపోతాయి. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి ఎముకలే బిగుసుకుపోయాయి. ఇంటికి మంచినీళ్లు వచ్చినా, అప్పటికే ఎముకల్లో జరిగిన నష్టం వెనక్కి పోదు. 2005 చివర్లో మొదలై 2006లో ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసిన చికున్‌గున్యాలో జ్వరం వారంలో తగ్గినా, కీళ్ల నొప్పులు చాలామందిని నెలల తరబడి వదల్లేదు. ఇలాంటి నొప్పులకు మాత్ర, సూది తప్ప వేరే దారి చూపించేవారు దగ్గర్లో ఉండరు. కాబట్టి రోజూ మాత్ర మింగేవారిని తెలివితక్కువవారని తీసిపారేయడం అన్యాయం. పనికి పోవాలంటే లేవాలి, లేవాలంటే మాత్ర పడాలి.

అలాగని వాళ్లు జాగ్రత్తలేవీ తీసుకోవడం లేదనడానికీ లేదు. తిన్నాకే వేసుకుంటారు, తోడుగా గ్యాస్ బిళ్ల వేసుకుంటారు, మాత్ర పడకపోతే సూది వేయించుకుంటారు. ఈ జాగ్రత్తలన్నిటికీ ఆధారం ఒకటే నమ్మకం: మాత్ర కడుపులో పడ్డచోట మంట పుట్టిస్తుంది, ఆ మంట లేకుండా చూసుకుంటే చాలు అని. అది సగమే నిజం.

దెబ్బ రక్తం దారిన వస్తుంది

ఆస్పిరిన్ 1899లో మార్కెట్లోకి వచ్చింది. దాన్ని వాడేవారి కడుపు లోపలి పొర ఎర్రబడి దెబ్బతింటోందని 1938లో డౌత్‌వెయిట్, లింటాట్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు గొట్టం వేసి చూసి చెప్పారు. ఎందుకో తెలియడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ అసలు విషయం పట్టుకున్నారు. ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవకుండా ఆస్పిరిన్, దాని లాంటి మందులు అడ్డుకుంటాయని ఆయన చూపించారు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయనొకరు.

ఈ ప్రోస్టాగ్లాండిన్లు వాచిన మోకాలిలో నొప్పిని, వాపును పెంచుతాయి. కడుపులో మాత్రం వాటి పని వేరు. జీర్ణం కోసం ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలా గాఢమైంది. అది కడుపు గోడనే తినేయకుండా అడ్డుగా ఒక జిగురు పొర ఉంటుంది, ఆ పొరలో ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ ఉంటుంది, దాని కింద గోడకు నిరంతరం రక్తం అందుతూ పాడైన కణాల స్థానంలో కొత్తవి పుడుతుంటాయి. ఈ ఏర్పాటంతా చెక్కుచెదరకుండా ఉంచేది ప్రోస్టాగ్లాండిన్లే. మోకాలి కోసం మింగిన మాత్ర వాటి తయారీని ఒళ్లంతటా తగ్గించేస్తుంది, ఒక గదిలో బల్బు ఆర్పడానికి ఇంటి మెయిన్ ఆపేసినట్టు.

మాత్ర కడుపు పొరను నేరుగా తాకి చేసే హాని కూడా కొంత ఉంది. అయితే పెద్ద పుండ్లకు, రక్తస్రావానికి ముఖ్య కారణం రక్తం దారిన వచ్చే ఈ రెండో దెబ్బే. ఇది అర్థమైతే అలవాటైన జాగ్రత్తల విలువ ఎంతో తేలిపోతుంది. తిన్నాక వేసుకుంటే వికారం, మంట తగ్గవచ్చు గానీ పుండు పడకుండా ఆగదు. సూది వేయించుకుంటే మందు కడుపును దాటేసి నేరుగా రక్తంలోకే పోతుంది, అక్కడి నుంచి కడుపు గోడకు చేరి అదే పని చేస్తుంది. కడుపులో కరగకుండా పేగులో కరిగేలా పైపూత వేసిన మాత్రలదీ ఇదే కథ. 'నాకు బిళ్లలు పడవు, అందుకే సూదే వేయించుకుంటా' అని ఆర్‌ఎంపీ దగ్గర వారానికి రెండు మూడు డైక్లోఫెనాక్ సూదులు వేయించుకునే పెద్దవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్, పైరాక్సికామ్, కీటోరొలాక్, నిమెసులైడ్ అన్నీ ఈ కుటుంబంలోవే. డాక్టర్లు వీటిని ఎన్‌సెయిడ్లు అంటారు. అన్నిటి ప్రమాదమూ ఒకే స్థాయిలో ఉండదు. తక్కువ మోతాదు ఐబుప్రొఫెన్‌తో ముప్పు తక్కువ. పైరాక్సికామ్, కీటోరొలాక్ లాంటి వాటితో చాలా ఎక్కువ. పైరాక్సికామ్ ఒకసారి మింగితే సగం తగ్గడానికే రెండు రోజుల దాకా పడుతుంది, పెద్ద వయసులో ఇంకా నెమ్మదిగా పోవచ్చు. పంటి నొప్పికి నీళ్లలో కలిపి తాగే కీటోరొలాక్‌ను ఐదు రోజులకు మించి వాడకూడదన్న హద్దు ఉంది. ఊళ్లో దాన్ని మోకాళ్ల నొప్పికి నెలల తరబడి వాడేవారూ ఉన్నారు. పారాసిటమాల్ ఈ కుటుంబంలోది కాదు, మామూలు మోతాదులో దానితో కడుపులో పుండ్లు పడే భయం లేదు.

చప్పుడు లేని పుండు

పెద్ద వయసులో అసలు సమస్య పుండు పడటం కంటే అది పడినట్టు తెలియకపోవడం. నలభై ఏళ్ల మనిషికి పుండు పడితే చాలావరకు పొట్ట పైభాగంలో నొప్పి, మంట, ఆకలికి కడుపు పట్టేయడం లాంటివి ముందే కనిపిస్తాయి. డెబ్బై దాటినవారిలో ఇవేవీ లేకుండా మొదటి లక్షణమే రక్తస్రావం కావడం అరుదు కాదు. వయసుతో నొప్పి తెలిసే తీరు మందగిస్తుంది. పైగా వాళ్లు రోజూ మింగుతున్నదే నొప్పి తెలియకుండా చేసే మాత్ర. మోకాలి నొప్పితో పాటు పుండు నొప్పిని కూడా అదే కప్పిపెట్టేస్తుంది. 'నాకు ఏ మంటా లేదు, పదేళ్లుగా వాడుతున్నా' అనే మాట అందుకే భరోసా ఇవ్వదు. మంట ఉన్న చాలామందిలో ఎండోస్కోపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం దించి చూసే పరీక్ష) చేస్తే పుండు కనబడదు, పుండు ఉన్న చాలామందిలో మంట ఉండదు.

పెద్ద వయసువారికి ఏ మందులు తగవో చెప్పే బీర్స్ ప్రమాణాలు అమెరికాలో 1991 నుంచి ఉన్నాయి. ఈ మాత్రలను 3 నుంచి 6 నెలలు వాడినవారిలో దాదాపు 1 శాతం మందికి, ఏడాది వాడినవారిలో 2 నుంచి 4 శాతం మందికి కడుపు పైభాగంలో పుండ్లు, పెద్ద రక్తస్రావం, లేదా చిల్లు పడటం జరుగుతుందని అందులో రాశారు. వినడానికి చిన్న అంకెలే. కానీ వాడకం ఎంత కాలం సాగితే ముప్పూ అంత కాలం సాగుతుంది. 75 దాటినవారికి, గతంలో పుండు వచ్చినవారికి ఇది ఇంకా ఎక్కువ.

రక్తస్రావం అనగానే భళ్లున రక్తం కక్కుకోవడం ఊహించుకుంటాం. అలా జరిగితే ఒక విధంగా నయం, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తుతారు. ఎక్కువ ఇబ్బంది పెట్టేది రోజూ కొద్దికొద్దిగా కారిపోయే రక్తం. హిమోగ్లోబిన్ పదకొండు నుంచి తొమ్మిదికి, తర్వాత ఏడుకు దిగుతుంది. మనిషికి నీరసం, నాలుగడుగులు వేస్తే ఆయాసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ఇంట్లోవాళ్లు 'వయసైపోయింది కదా' అనుకుంటారు. అప్పుడు మెడికల్ షాపులో రక్తం పట్టడానికి ఐరన్ మాత్రలు ఇస్తారు. పుండు నుంచి కారిన రక్తం పేగుల్లో జీర్ణమై మలం తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో వస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకున్నా మలం నల్లబడుతుంది. అంటే ఉన్న ఒక్క ఆనవాలూ ఆ మాత్రల కింద దాక్కుంటుంది. ఐరన్ వల్ల వచ్చే నలుపు కాస్త ఆకుపచ్చ ఛాయతో మామూలు మలంలాగే ఉంటుంది, జిగురు, ఆ దుర్వాసన ఉండవు. ఈ తేడా గమనించాలంటే చూడాలి కదా. శుక్లాలతో చూపు మందగించిన పెద్దవాళ్లకు రంగు సరిగ్గా కనబడదు, కనబడినా కోడలికో కొడుక్కో చెప్పుకోవడం మొహమాటం. ఇంట్లో పెద్దవాళ్లు నొప్పి మాత్రలు వాడుతుంటే 'విరేచనం ఏ రంగులో వస్తోంది' అని సిగ్గుపడకుండా అడగడం బీపీ చూపించడమంత ముఖ్యం.

పుండు లోతుగా వెళ్లి కడుపుకు చిల్లు పడినప్పుడు కూడా వృద్ధుల్లో ఆ భయంకరమైన నొప్పి, పొట్ట చెక్కలా బిగుసుకోవడం అంత స్పష్టంగా ఉండకపోవచ్చు. స్టెరాయిడ్లు కూడా వాడుతుంటే మరీను. ఆస్పత్రికి చేరేసరికే ఆలస్యమవుతుంది.

కవర్లోని నాలుగో బిళ్ల

నొప్పి మాత్ర ఒక్కటే అయితే ముప్పు ఒక లెక్కలో ఉంటుంది. దానితో ఏం కలుస్తోందన్నదే పెద్ద వయసులో అసలు లెక్క. ఆ సెట్టులో పేరు తెలియని బిళ్ల చాలాసార్లు డెక్సామిథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ అయి ఉంటుంది. రెండు రోజుల్లో ఒళ్లు తేలికపడి, ఆకలి పుట్టి, 'ఆ డాక్టర్ చెయ్యి మంచిది' అనిపించేలా చేసేది అదే. కీళ్ల నొప్పులకని అమ్మే కొన్ని నాటు పొడుల్లోనూ స్టెరాయిడ్లు కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో 65 దాటినవారి మీద చేసి 1991లో ప్రచురించిన అధ్యయనం ఈ జంట ఎంత ప్రమాదమో చూపించింది. స్టెరాయిడ్ ఒక్కటే వాడేవారికి పుండు ముప్పు ఏ మందూ వాడనివారితో దాదాపు సమానం. స్టెరాయిడ్, నొప్పి మాత్ర కలిపి వాడేవారికి మాత్రం సుమారు 15 రెట్లు. కవర్లో పక్కపక్కన పడేసే ఆ రెండు బిళ్లలూ అవే.

తర్వాతి జంట గుండె మందులది. స్టెంట్ వేయించుకున్నవారు, పక్షవాతం వచ్చి తేరుకున్నవారు 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, చాలాసార్లు దానితో క్లోపిడోగ్రెల్ వాడుతుంటారు. గుండె కవాటాలు మార్పించుకున్నవారు రక్తం పలచబడే మందు వేసుకుంటారు. ఇవి రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి, నొప్పి మాత్ర పుండు పడేలా చేస్తుంది. పుండు నుంచి కారేది ఆగదు. పైగా ఐబుప్రొఫెన్‌ను ఆస్పిరిన్‌కు ముందు వేసుకుంటే గుండెకు ఆస్పిరిన్ చేసే మేలునే అడ్డుకోవచ్చు. డిప్రెషన్‌కు, ఆందోళనకు ఇచ్చే కొన్ని మాత్రలూ రక్తస్రావాన్ని కొంత పెంచుతాయి. మద్యం తాగే అలవాటుంటే చెప్పనే అక్కర్లేదు.

ఏ గుండె జబ్బూ లేకుండా 'రక్తం చిక్కబడకుండా' అని తమంతట తామే రోజూ ఆస్పిరిన్ వేసుకునే పెద్దలు పట్టణాల్లో, విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాల్లో కనబడతారు. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులపై చేసిన ఆస్ప్రీ అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. గుండె జబ్బులు చెప్పుకోదగినంత తగ్గలేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం ఆస్పిరిన్ వేసుకోనివారిలో 2.8 శాతం ఉంటే వేసుకున్నవారిలో 3.8 శాతం.

ఇంకో చిక్కు పేర్లది. అమెరికా నుంచి వచ్చే పిల్లలు అమ్మానాన్నలకు అడ్విల్, అలీవ్, టైలెనాల్ పెద్ద డబ్బాలు తెస్తారు. అడ్విల్ అంటే ఐబుప్రొఫెన్, అలీవ్ అంటే నాప్రాక్సెన్, టైలెనాల్ అంటే మనం వాడే పారాసిటమాలే. ఇక్కడి డాక్టరు ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రాస్తాడు. పొద్దున అమెరికా బిళ్ల, రాత్రి ఇక్కడి బిళ్ల. వేసుకునేవారి దృష్టిలో రెండూ వేర్వేరు మందులు, కడుపుకు మాత్రం రెట్టింపు మోతాదు. ఇలా ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి అమ్మే అలవాటు మన దేశంలో మరీ ఎక్కువ. 2024 ఆగస్టులో కేంద్రం నిషేధించిన 156 మిశ్రమ మందుల్లో ఎసిక్లోఫెనాక్ 50, పారాసిటమాల్ 125 మిల్లీగ్రాముల మాత్ర కూడా ఉంది. పెద్దలకు మామూలుగా ఇచ్చే 100, 325 మోతాదు మాత్రకు ఆ నిషేధం వర్తించదు.

గ్యాస్ బిళ్ల ఎంతవరకు కాపాడుతుంది

పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తాయి కాబట్టి నొప్పి మాత్ర తప్పనిసరి అయినవారిలో పుండ్లను నిజంగానే బాగా తగ్గిస్తాయి. రోజూ, తిండికి అరగంట ముందు వేసుకుంటేనే ఆ మేలు పూర్తిగా దక్కుతుంది. నొప్పి మాత్రతో కలిపి తిన్నాక మింగేస్తే పని సగమే. చాలాకాలం ఊరూరా గ్యాస్ బిళ్లగా చలామణి అయిన రానిటిడిన్ మామూలు మోతాదులో చిన్నపేగు మొదట్లో పుండ్లను తగ్గించగలదు గానీ కడుపులో పుండ్లను ఆపలేదు. 2022లో దాన్ని జాతీయ అత్యవసర మందుల జాబితా నుంచి తీసేశారు. గులాబీ రంగు యాంటాసిడ్ సిరప్పులు, ఈనో లాంటివి మంటను చల్లార్చడానికే. పుండును ఆపకుండా, ఉన్న ఒక్క హెచ్చరికనూ అణిచేస్తాయి.

చాలామంది వేసుకునే గ్యాస్ క్యాప్సూల్‌లో పాంటోప్రజోల్‌తో పాటు డొంపెరిడోన్ కూడా కలిసి ఉంటుంది. అది వాంతులు, కడుపుబ్బరానికి ఇచ్చే మందు. పుండు పడకుండా చూడటంలో దానికి పాత్ర లేదు. అరవై దాటినవారిలో గుండె లయ తప్పే ప్రమాదం ఉందని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2014లోనే దాని వాడకాన్ని వారం రోజుల లోపుకు కుదించమంది. ఇక్కడ దాన్ని ఏళ్ల తరబడి పరగడుపున మింగేవారున్నారు.

సరైన గ్యాస్ బిళ్లకూ ఒక హద్దుంది. అది కడుపు, చిన్నపేగు మొదటి భాగం వరకే కాపాడుతుంది. ఆ కిందనున్న పేగుల్లోనూ నొప్పి మాత్రలు పుండ్లు, రక్తస్రావం తెస్తాయి, అక్కడ ఆమ్లం లేదు కాబట్టి ఆమ్లం తగ్గించడం వల్ల ఒరిగేదీ లేదు. ఎండోస్కోపీలో ఏమీ కనబడకపోయినా రక్తం తగ్గిపోతున్న కొందరిలో కారణం ఇదే.

కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంటే నొప్పి మాత్రలతో పుండు ముప్పు ఇంకా పెరుగుతుంది. దీన్ని కనిపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలో ఇది చాలా సాధారణం. నెలల తరబడి మాత్ర వాడక తప్పదనుకున్నప్పుడు, ముఖ్యంగా గతంలో పుండు వచ్చినవారికి, ముందే పరీక్ష చేయించి రెండు వారాల మందులతో దాన్ని పోగొట్టుకోవచ్చు.

ఇదే కుటుంబంలో కడుపుకు తక్కువ హాని చేసేవిగా వచ్చిన కాక్సిబ్‌లు గుండెకు ముప్పు తెచ్చాయి. రోఫెకాక్సిబ్‌ను 2004 సెప్టెంబరులో తయారీదారే ఉపసంహరించుకుంది. సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, గుండె జబ్బు ఉన్నవారికి అవి తగవు. కిడ్నీలకైతే ఈ కుటుంబంలో ఏదీ మంచిది కాదు. బీపీకి టెల్మిసార్టాన్ లాంటి మాత్ర, మూత్రం ఎక్కువయ్యే మాత్ర వాడుతూ, పైన నొప్పి మాత్ర కూడా వేసుకుంటే ఎండాకాలంలో కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోవడానికి కారణం పశువులకు వేసిన డైక్లోఫెనాక్. ఆ కళేబరాలు తిన్న పక్షులు కిడ్నీలు చెడి చనిపోయాయి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. మనిషి కిడ్నీ అంత సున్నితం కాదు, అది మన అదృష్టం.

మరి నొప్పికి ఏం చేయాలి? మోకాలికి, చేతి వేళ్లకు డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి చేరేది మాత్ర మింగినప్పుడు చేరేదానిలో 6 శాతం మాత్రమే, చాలామందిలో ఉపశమనం కూడా కనబడుతుంది. నడుము నొప్పికి అంతగా ఉపయోగపడదు. పారాసిటమాల్ కడుపుకు సురక్షితం. అరిగిన మోకాలికి దాని బలం కొంచెమే అని కూడా ఒప్పుకోవాలి. పెద్దవాళ్లు, బక్కపలచగా ఉన్నవారు రోజుకు మూడు గ్రాముల లోపే ఆపాలి, లేదంటే కాలేయానికి ముప్పు. తొడ ముందు కండరాలకు రోజూ చేసే వ్యాయామం, బరువు తగ్గడం, నేల మీద కాకుండా కుర్చీలో కూర్చోవడం, వెస్టర్న్ కమోడ్, నొప్పి లేని వైపు చేతిలో కర్ర అన్నీ పనిచేస్తాయి. మాత్రలాగా గంటలో పనిచేయవు, అందుకే ఎవరికీ రుచించవు. మాత్ర వాడక తప్పనప్పుడు నొప్పి ఎక్కువగా ఉన్న కొద్ది రోజులకే, ఒకే రకం, తక్కువ మోతాదులో, తోడుగా సరైన గ్యాస్ బిళ్లతో వాడితే ముప్పు చాలా తగ్గుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గుండె, షుగరు, నాటు మందులతో సహా ఇంట్లో ఉన్న స్ట్రిప్పులు, పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకుని పోవడం మేలు.

తారులాంటి విరేచనమైనా, కాఫీ పొడి కలిపినట్టుండే వాంతైనా అత్యవసరమే. తెల్లారాక చూద్దామని ఆగకూడదు. ఇక్కడ కుటుంబాలు తరచూ చేసే ఇంకో తప్పు, భయపడి గుండె కోసం వేసే ఆస్పిరిన్‌తో సహా మందులన్నీ ఇంటి దగ్గరే శాశ్వతంగా ఆపేయడం. పుండు నుంచి రక్తం పోయి ఎండోస్కోపీతో ఆపించుకున్న 156 మంది గుండె, పక్షవాతం రోగులను హాంకాంగ్ వైద్యులు రెండు గుంపులు చేసి చూశారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, వెంటనే ఆస్పిరిన్ మొదలుపెట్టినవారిలో మళ్లీ రక్తస్రావమైనవారు దాదాపు రెట్టింపు, కానీ ఎనిమిది వారాల్లో చనిపోయినవారు 1.3 శాతం. ఆస్పిరిన్ ఆపేసినవారిలో చనిపోయినవారు 12.9 శాతం. అందుకే గుండె ఆస్పిరిన్‌ను ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో డాక్టరు చెబుతారు, సాధారణంగా కొద్ది రోజుల్లోనే, గ్యాస్ బిళ్ల తోడుగా. మోకాళ్ల కోసం మింగిన మాత్రను మాత్రం అలా మళ్లీ మొదలుపెట్టరు.